వీసమెత్తు చేదు

పొగతోట సందులో, స్కానింగ్ సెంటర్ వెనక,
ఒకటిన్నర మనిషి పట్టే గది నాది.
కల్వం, తక్కెడ, బటర్ పేపర్,
మూత వదులైన చక్కెరపాకం సీసా.

మాత్ర వస్తుంది డెబ్బై ఏళ్ల తాతల కొలతకి.
చీటీ వస్తుంది ఏడు కిలోల పిల్లాడి పేరుకి.
మధ్యలో నేను.
పావులో పావు తియ్యాలి.
మా నాయన పద్దుల్లో దాని పేరు వీసం.
ఇప్పుడు ఆ మాటతో ఎవరికీ పని లేదు,
నాకు తప్ప.

బ్లేడు పెడితే మాత్ర మన మాట వినదు.
ఒక ముక్క లావు, ఒక ముక్క పొడి,
ఒకటి ఎగిరి బల్ల కింద.
అందుకే నూరతాను, పాకంలో కలుపుతాను,
మొదటి చుక్కా చివరి చుక్కా ఒకటయ్యేదాకా కుదుపుతాను.
ఆపైన వేలికి అంటించుకుని నాలిక మీద పెట్టుకుంటాను.
రాసిన డాక్టరమ్మ రుచి చూసి ఉండదు,
చేసిన కంపెనీ చూసి ఉండదు,
ఎవరో ఒకరు చూడాలిగా.
కాకరకాయ కాదు, వేపాకు కాదు,
తుప్పు పట్టిన తాళంచెవి చప్పరించినట్టు.
కాఫీ తాగితే కాఫీ పోతుంది గానీ అది పోదు.

పెంచల తేజకి పదిహేను నెలలు.
గుండె గోడలో కంత.
ఆపరేషన్ ఇప్పుడే కాదు, పది కిలోలు రానీమన్నారు.
అందాకా రోజుకి మూడుసార్లు ఈ చేదు.

వాళ్లమ్మ వజ్రమ్మ, పొదలకూరు నిమ్మ మార్కెట్లో కాయలేరే మనిషి.
మొదటి వారం మందుని పాలసీసాలో కలిపిందంట.
వాడు సగం తాగి మూతి తిప్పుకున్నాడు.
మిగిలిన సగంలో ఎంత గుండె ఉండిపోయిందో
ఎవరు చెప్పాలి?
మూడో రోజుకి సీసా చూస్తేనే ఏడుపు.
"పాల మీద గూడా పగబట్టినాడయ్యా" అంది.

పాలల్లో వద్దమ్మా అన్నాను.
సూది లేని సిరంజి ఇచ్చాను.
ఒళ్లో నిటారుగా కూచోబెట్టు,
దవడ పక్కగా, కొంచెం కొంచెంగా.
గొంతులోకి చిమ్మొద్దు, ముక్కు మూయొద్దు.
అంతా విన్నాడు వాడు.
సిరంజి కనపడగానే రెండు చేతులా తొడ పట్టుకున్నాడు.

నారింజ వాసన వేశాను, ఉమ్మేశాడు.
మామిడి వేశాను, ఉమ్మేశాడు.
స్ట్రాబెర్రీ నా చొక్కా జేబు మీద
ఇప్పటికీ ఉంది.
తీపి అంటేనే వాడికి మోసం.

ఓ మధ్యాహ్నం ఏడ్చి ఏడ్చి అలిసి
అమ్మ బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.
పొద్దున్నుంచీ నిమ్మకాయలేరిన వేలు.
మొహం ముడిచాడు, కళ్లు మూశాడు, భుజాలెగరేశాడు,
మళ్లీ చప్పరించాడు.
"పులుపంటే పడిచస్తాడయ్యా.
మార్కెట్లో నా కొంగు గూడా నాకతా ఉంటాడు."
నలభై ఏళ్లుగా నూరుతున్నాను.
వీడికేది ఇష్టమని
ఒక్కసారి ముందే అడిగుంటే.

మందులో కలపలేదు, పులుపు పడని మందులుంటాయి.
మింగాక మటుకు వేలు.
అదీ ముగ్గురికీ ఒప్పందం.
ఖాళీ సిరంజి ఒకటి వాడికే ఇచ్చేశాం,
నీళ్లు పట్టి పిల్లి మీద చిమ్ముకోమని.
వారం రోజులు పిల్లి తడిసింది.
ఆ తర్వాత చేతులు తొడ మీదికి పోలేదు.

అన్ని రోజులూ ఇట్లా కాదు.
మొన్న కక్కేశాడంట.
"ఇంగోసారి పట్టేదా?" ఫోన్లో వజ్రమ్మ.
డాక్టరమ్మని అడక్కుండా రెండోసారి పట్టొద్దన్నాను.
ఆ రాత్రంతా లేని వీసం ఒకటి
నా రెప్పల మీద కూచుంది.

సీసాకి పద్నాలుగు రోజులే ఆయుష్షు.
ఇంట్లో ఫ్రిజ్ లేదు, సోడాకొట్టు మస్తాన్ పెట్టెలో
గోలీసోడాల మధ్య ఉంటుంది, వాడి పేరుతో.
కొత్త సీసాకి వచ్చినప్పుడల్లా
అమ్ముడుపోని మచ్చకాయలు నాలుగు తెస్తుంది వజ్రమ్మ.
తూకమెంతమ్మా అంటే
ఏడు కిలోల మూడొందలంది.

షట్టర్ దించాక, నాలిక మీద చేదు ఇంకా ఉంటే
ఒక కాయ కోసుకుంటాను.
భుజాలెగరేస్తాను.